మిగిలిన ఒక్క ముడి

"అన్నీ విప్పేశావా?"

జయపాల్ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే కృపకు సమాధానం చెప్పడం తేలికయ్యేది. మంచం మీద వరసగా పరిచి ఉన్న టైల వంక అతను చూస్తున్న తీరే ఆమెను భయపెట్టింది. ఇల్లు దోచుకుపోయాక తెరిచి ఉన్న బీరువా ముందు నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

"అన్నీనండీ," అంది కృప, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీస్తూ. "ఒక్కటి కూడా వదల్లేదు. ఆ మెరూన్ రంగుది ఎంత బిగుసుకుపోయిందో! పిన్నీసు పెట్టి తియ్యాల్సొచ్చింది. ఇట్టా ముడేసి వదిలేస్తే పట్టు చీకిపోదూ? ఇప్పుడు చూడండి, కొన్ననాటి మాదిరి ఎట్టా ఉన్నాయో."

"ముడి విప్పకుండా ఇస్త్రీ చెయ్యలేవా?"

"ముడితోటే ఇస్త్రీ చెయ్యడానికి అవేమన్నా సమోసాలా?"

అతను నవ్వలేదు. మంచం అంచున, టైల పక్కన కాసింత చోటు చూసుకుని, వాటికి నొప్పి తగులుతుందేమోనన్నట్టు ఒదిగి కూర్చున్నాడు.

ఆ రోజు పదకొండింటికల్లా అతను బెంజి సర్కిల్ దగ్గరి హోటల్లో ఉండాలి. అతను పనిచేసే మందుల కంపెనీ పెద్దలు హైదరాబాదునుంచి వస్తున్నారు. ఏరియా మేనేజరు పదవికి ముగ్గురిని పిలిచారు, వారిలో అతనొకడు. అందుకే కృప కోడి కూయకముందే లేచి, తడిగుడ్డ పరిచి, పట్టు మాడకుండా ఒక్కొక్క టైని ఇస్త్రీ చేసింది. లేవగానే చూసి మురిసిపోతాడనుకుంది.

"ఇప్పుడేమైందండీ? మళ్ళీ కట్టుకోండి."

అతను ఒక టై కొసను వేలికి చుట్టి, మళ్ళీ విప్పాడు.

"ఏమండీ?" కృప ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "మీకు కట్టుకోవడం రాదా?"

"మెల్లిగా," అన్నాడు జయపాల్ తలుపు వైపు చూసి. "నాన్న వింటాడు."

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ కృప ఉదయమయ్యేసరికి ఒకటే దృశ్యం చూస్తోంది. బీరువా తలుపు వెనకనున్న తీగ మీంచి జయపాల్ ఒక టై తీసుకుంటాడు. దండ వేసుకున్నట్టు తలమీంచి దించుకుంటాడు. సన్నకొసను పట్టి లాగుతాడు. ముడి పాకుతూ వచ్చి మెడ దగ్గర కూర్చుంటుంది. ఎండ ముదిరాక అదీ లేదు. టై బ్యాగులోనే ఉంటుంది. సూర్యారావుపేటలో డాక్టరుగారి గది ముందు తన వంతు వచ్చినప్పుడు తగిలించుకోవడం, బయటికి రాగానే తీసి బ్యాగులో పడేసుకోవడం. అదంతా తొందరకోసం చేసే పని అనుకుంది ఆమె. ఆ ముడులు అతను వేసినవి కావేమోనన్న అనుమానం రానేలేదు. ఎవరికి మాత్రం వస్తుంది?

"స్కూల్లో ఉన్నప్పుడు ఎవరు కట్టేవాళ్ళు?"

"నాన్న."

"కాలేజీ ఫేర్‌వెల్‌కి?"

"నాన్నే."

"పోనీ, ఉద్యోగంలో చేరాక?"

"నాన్నేనని చెబుతున్నాగా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

అంతలో అమలమ్మగారు ఇడ్లీపళ్ళెంతో లోపలికి వచ్చి, మంచం వంక చూసి, పళ్ళేన్ని బల్లమీద పెట్టే పని కూడా మరిచిపోయి నిలబడ్డారు.

"ప్రభువా! మొత్తం విప్పేశావంటమ్మా?"

"తప్పు చేశానా అత్తయ్యా?"

"నీదేం తప్పు తల్లీ. చెప్పని మాది తప్పు." ఆవిడ ఒక టైని అరచేతిలోకి తీసుకుని, దాని నున్నటి పొడుగును చూస్తూ నిట్టూర్చారు. "మన ఇంట్లో ఇది ఆవకాయ పెట్టినట్టు, ఏడాదికోసారి. క్రిస్మస్ వెళ్ళిపోయాక మీ మామయ్య అన్నీ విప్పి, దులిపి, నీడపట్టున ఆరేసి, కొత్త సంవత్సరం ఆరాధనకి వెళ్ళేలోపు మళ్ళీ కడతారు. తన మెడకే కట్టుకుని, వదులుచేసి, తీసి తగిలిస్తారు. వీడు వాటితో ఏడాదంతా గడిపేస్తాడు. మొన్న డిసెంబరులో కట్టినవే ఇవి. మళ్ళీ డిసెంబరు దాకా..."

మాట పూర్తిచెయ్యలేదు. పూర్తిచెయ్యనక్కర్లేదు కూడా. అబ్రహాముగారు కొడుకుతో మాట్లాడటం మానేసి అప్పటికి నెల దాటింది. సరిగ్గా పెళ్ళినాటినుంచి. కారణం ఏమిటో ఎవరూ కృపకు చెప్పలేదు. అడిగితే అత్తగారు నవ్వేసేవారు: "ఏముందమ్మా, ఇన్నేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారుగా. మనుషుల్ని కూడా సీసాల్లో పోసి మూత బిగించేస్తుంటారు. ఎప్పుడో ఒకప్పుడు ఆయనే తీస్తారు." ఈలోగా తండ్రి మాట కొడుక్కీ, కొడుకు మాట తండ్రికీ ఇద్దరు ఆడవాళ్ళ మీదుగా చేరుతోంది. ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర కూర్చుని, "ఆ ఉప్పు ఇటు ఇమ్మని చెప్పమ్మా" అని అడిగించుకునే దాకా వచ్చింది వ్యవహారం.

అలా మాట్లాడని తండ్రి వేసిన ముడులనే మెడలో వేసుకుని కొడుకు ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగాడు. ఆ సంగతి ఇప్పుడు తెలిసి, కృపకు తాను విప్పింది టైలనేనా అన్న సందేహం కలిగింది.

"ఫోన్లో చూసి కట్టేద్దాం," అంది ధైర్యం తెచ్చుకుని. "అదేమన్నా రాకెట్టా?"

తెర మీది మనిషి చిరునవ్వుతో, తీరిగ్గా, ప్రపంచంలో ఇంతకన్న సులువైనది లేదన్నట్టు కట్టి చూపించాడు. జయపాల్ నీలిరంగు టై తీసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. మొదటిసారి వెడల్పుకొస బొడ్డుదాకా కూడా రాలేదు. సన్నకొస ప్యాంటు జేబుదాకా వేలాడింది. రెండోసారి ముడి పడ్డట్టే పడి, లాగగానే మాయమైంది. మూడోసారి పడింది.

"ఏంటిది?" అన్నాడు అద్దంలో చూసుకుని.

"మిరపకాయ బజ్జీల పొట్లంలా ఉంది," అంది కృప నిజాయితీగా.

"నవ్వకు కృపా. టైమెంతయిందో చూశావా?"

"నవ్వట్లేదండీ."

"నీ భుజాలు నవ్వుతున్నాయి."

"వాడి కుడి మనకి ఎడమనుకుంటా. ఫోను అద్దంలో పెట్టి చూస్తేనో?"

"అద్దంలో వాణ్ణి పెట్టి, వాడి ముందు నన్ను పెట్టి, నా వెనక నువ్వు నిలబడి! ఇదేమన్నా సర్కస్సా?"

ముందుగదిలో పేపరు గలగలలాడింది. ఒక దగ్గు. తరవాత, ఎవరినీ ఉద్దేశించనట్టు, కానీ గోడ అవతలి దాకా స్పష్టంగా వినబడేట్టు, అబ్రహాముగారి కంఠం:

"అమలా, ఆ ఫోన్లోవాడు కట్టేది వాడి మెడకి. ఈ ఇంట్లోవాళ్ళ మెడకి కాదని చెప్పు."

జయపాల్ మెడలోని పొట్లాన్ని పీకి మంచమ్మీద పడేశాడు.

"వెళ్ళి అడగరా," అన్నారు అమలమ్మగారు లోగొంతుకతో. "తండ్రేగా."

"నేను అడగను."

"అడిగితే ఏం పోతది?"

"నా మాట వినిపించుకోవడమే మానేసిన మనిషిని ఏమని అడగనమ్మా? ముడేమో గానీ ముందు ముఖం చూడమను."

కృప ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరవాత టైలన్నింటినీ ఎడమచేతి మీద తువ్వాళ్ళలా వేసుకుని, పైట సర్దుకుని, ముందుగదిలోకి నడిచింది.

అబ్రహాముగారు పేపరు దించకుండానే అన్నారు. "రామ్మా. అన్నీ విప్పావన్నమాట."

"అవును మామయ్యగారూ."

"మెరూన్‌ది కూడా?"

"పిన్నీసుతో."

పేపరు దిగింది. కళ్ళజోడు పైనుంచి ఆయన కోడల్ని చూసిన చూపులో ఉన్నది గౌరవమేనని గ్రహించడానికి కృపకు కాస్త సమయం పట్టింది. "పోయిన డిసెంబరులో అది నాకే లొంగలేదు. ముడి అట్టాగే ఉంచేసి దుమ్ము మాత్రం దులిపాను. నీ వేళ్ళలో ఓపికుందమ్మా. కూర్చో."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఆయన చెయ్యి చాచి నీలిరంగు టైని తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశారు. కూరగాయల దుకాణంలో బెండకాయ తుంచి చూసేటప్పుడు కూడా ఆయనకు అదే శ్రద్ధ.

"బట్ట దళసరిగా ఉందనుకో, ఒక్క చుట్టుతో సరిపెట్టాలి. పల్చటిదైతే రెండు చుట్లు మోస్తది. ఆ తర్వాత చొక్కా కాలరు. దాని రెండు చెవులూ ఎంత ఎడంగా ఉన్నాయో చూసుకోవాలి. ఆ సందు నిండాలి గానీ పొర్లకూడదు. ఇదంతా తెలుసుకోవడం పెద్ద పనేం కాదు."

"పెద్ద పని ఏంటి మరి?"

"మనిషి." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "మన గుడి క్వయర్లో పాడే ఆమోసు లేడూ, లావు గొంతువాడు? మెడ వెతుక్కోవాలి వాడికి. అట్టాంటివాడికి పెద్ద ముడి వేస్తే తలకాయ తీసి బల్లమీద పెట్టినట్టుంటది. కానీ వాడికి అదే కావాలి. ఎవర్ని చూసి నేర్చుకున్నాడో! ప్రతి ఆదివారం ఆరాధన మొదలవకముందే, నాచేత టై కట్టించుకునేవాళ్ళ వరసలో నిలబడి, 'అయ్యా, నాకు పెద్దది' అంటాడు. 'సరే అబ్బాయ్' అంటాను. చిన్నదే వేస్తాను. ఇప్పటికీ పెద్దదే అనుకుంటున్నాడు."

కృప పకపకా నవ్వింది. పడకగదిలో గుసగుసలు ఆగిపోవడం ఆమెకు తెలిసింది.

"మరి ఈయనకి, మామయ్యగారూ?"

"ఎవరికి?"

"మీ అబ్బాయికి."

ఆయన టైని మోకాలి మీద పరిచి, లేని ముడతను అరచేత్తో సాపుచేశారు. "మెడ వాళ్ళమ్మది. పొడుగు. మెడొక్కటే చూస్తే పెద్ద ముడే వెయ్యాలి. నిండుగా ఉంటది."

"ఇన్నాళ్ళూ వేసింది చిన్నదేగా? నేనే విప్పానుగా అన్నీ."

"మనిషిని చూసి వేశాను." ఆయన మోకాలి మీది టైని కొద్దిగా వంచి చూపించారు. "ఆ ముడి కొద్దిగా ఓ పక్కకి ఒరుగుద్ది. ఎంత సరిచేసినా నిట్టనిలువుగా నిలబడదు. ఎదుటివాడి మాట వినడానికి తల వంచినవాడిలా ఉంటది. డాక్టరు గదిలోకి వెళ్ళి రెండు నిమిషాలు నిలబడాలంటే అట్టాంటివాణ్ణే నిలబడనిస్తారమ్మా. పెద్ద ముడి వేసుకున్నవాడు ఎదురుగా వచ్చి నిలబడితే, ఆ డాక్టరుకి తనే కుర్చీలోంచి లేవాలేమో అనిపిస్తది. ఇంకేం వింటాడు?"

"అమ్మా," అంది పడకగది గుమ్మంలోంచి జయపాల్ గొంతు. "నాన్నకి చెప్పు. ఏడేళ్ళు తల వంచుకునే నిలబడ్డాను. ఇవాళ వెళ్ళేది మందుల బ్యాగుతో కాదు. పదిమందిని నడిపించే పనికి. అక్కడికి కూడా తల వంచుకునే వెళ్ళమంటాడా?"

"అమలా," అన్నారు అబ్రహాముగారు పేపరు మళ్ళీ ఎత్తుకుంటూ. "తల వంచడం చిన్నతనం అనుకునేవాడు పదిమందిని ఏం నడిపిస్తాడో అడుగు."

"ఎన్నిసార్లు అడిగానమ్మా? ఉద్యోగంలో చేరిన ఏడాదినుంచీ అడుగుతున్నా. ఒక్కసారి పెద్దది వెయ్యి నాన్నా అని. ఎప్పుడడిగినా 'ఇంకా రోజులున్నాయిలే' అనేవాడు. ఆమోసు అంకుల్ మాదిరే నన్నూ చూస్తున్నాడని ఇప్పుడర్థమైంది."

"పెళ్ళిరోజున లాస్టిక్ తగిలించుకొచ్చినవాడికి ముళ్ళ సంగతి దేనికో అది కూడా అడుగు!"

ఇడ్లీపళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియక ఇప్పటికీ చేతిలోనే పట్టుకుని తిరుగుతున్న అమలమ్మగారు గోడవైపు తిరిగారు. పేపరు మాత్రం అబ్రహాముగారి చేతుల్లో నిలకడగా ఉంది. మరీ నిలకడగా ఉంది.

లాస్టిక్.

కృపకు తన పెళ్ళిరోజు గుర్తొచ్చింది.

వాళ్ళ గుడిలో ఏ పెళ్ళికొడుకైనా పీఠం పక్కనున్న చిన్నగదిలోకి వెళ్ళి అబ్రహాముగారి ముందు నిలబడవలసిందేనని, టై కట్టించుకున్నాకే ఆరాధన మొదలవుతుందని, పాస్టరుగారి కొడుకులకు కూడా ఆ ముడి తప్పలేదని పెళ్ళయ్యాక ఎవరో అంటే విని, ముచ్చటపడి ఊరుకుంది. తన పెళ్ళికొడుకు ఆ గదిలోకి వెళ్ళలేదన్న సంగతి మాత్రం ఆలోచించలేదు. వెళ్ళవలసిన అవసరం అతనికి రాలేదు. కారు దిగేటప్పటికే అతని మెడలో పీచ్ రంగు బో టై ఉంది. వెనక కొక్కెం, లాస్టిక్. సూటు దుకాణంవాళ్ళు ఫోటో పంపితే, చల్లపల్లిలో తన పుట్టింట్లో పెళ్ళిపూలు పక్కన పెట్టుకుని, రంగుకు రంగు సరిచూసి, "ఇదే పెట్టుకోండి, నా చేతిలో పూలకి కలుస్తుంది" అని ఫోనులో చెప్పింది తనే. అవతలినుంచి క్షణం కూడా ఆలస్యం లేకుండా "సరే" అని జవాబు వచ్చింది. అంత త్వరగా ఒప్పుకున్నందుకు ఆ రాత్రంతా మురిసిపోయింది కూడా.

"మామయ్యగారూ," అంది కృప. "ఆ రోజు ఆయన మీతో ఏమన్నారు?"

"ఏమంటాడు? 'నాకిదే నచ్చింది నాన్నా' అన్నాడు." ఆయన పేపరు పేజీ తిప్పారు. "నచ్చిందంట."

కృప గుమ్మంవైపు చూసింది. జయపాల్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమెతో చూపు కలిసిన మరుక్షణం, తండ్రికి కనబడకుండా, తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దు.

ఆమె లేచి గదిలోకి వెళ్ళింది. మామగారి మోకాలి మీంచి తీసుకున్న నీలిరంగు టై ఆమె చేతిలో ఉంది. అతణ్ణి అద్దం ముందు నిలబెట్టి, కాలరు ఎత్తి, టైని మెడచుట్టూ వేసింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది చివరికి, పెదవులు కదిలీ కదలకుండా.

"ఏం చెప్పమంటావు? గుమ్మంలో కాలు పెట్టకముందే కోడలి మీద కోపం తెచ్చుకోమనా?"

"నాకైనా చెప్పాలిగా."

"చెబితే నువ్వు ఊరుకుంటావా? అప్పుడే వెళ్ళి ఆయన ముందు నిలబడేదానివి. నా మీద కోపమైతే ఆయనకి అలవాటే. అరిగిపోద్ది. నీ మీదొస్తే ఎక్కడ దాచుకోవాలో తెలియదాయనకి."

కృప వేళ్ళు కాలరు మీద ఆగాయి. ఇంతకాలం తనకు ఆ ఇంట్లో దొరికిన గారాబమంతా, "అమ్మా కృపా" అన్న పిలుపులూ, పూతరేకులూ, కాఫీలో మొదటి గ్లాసూ, ఇతను ప్రతిరోజూ మూగగా చెల్లిస్తూ వచ్చినదాని మీద నిలబడిందని ఆమెకు తెలిసింది. ముక్కు చివర చుర్రుమంది. ఏడవడానికి ఇది సమయం కాదు.

"మామయ్యగారూ!" అని గట్టిగా పిలిచింది. "వెడల్పుకొస ఎంత కిందకి ఉండాలి?"

ముందుగదిలోంచి జవాబు వచ్చింది. "సన్నకొసకన్నా జానెడు ఎక్కువ కిందకి. వెడల్పుది సన్నదాని మీదుగా దాటించు."

"దాటించాను."

"కిందనుంచి వెనక్కి తిప్పు. మళ్ళీ ముందుకి. ఆ ముందు చుట్టు కింద నీ వేలు పెట్టి ఉంచు. వేలు తియ్యబోకు."

"తియ్యలేదు."

"ఇప్పుడు మెడ కిందనుంచి పైకి తెచ్చి, వేలున్న సందులోంచి కిందకి దించు. మెల్లిగా బిగించు. ముడి కింద మధ్యలో నొక్కి పట్టుకో. బుగ్గ సొట్టలాగా ఒక సొట్ట పడాలి. పడిందా?"

"పడింది మామయ్యగారూ!"

పడింది. నిజంగానే ముడి అయింది. జయపాల్ అద్దంలో చూసుకుని, ఇంతసేపట్లో మొదటిసారి నవ్వబోయి, అంతలోనే ఆపుకున్నాడు. ముడి చిన్నది. ఒక పక్కకు ఒరిగింది. ఎప్పటిలాగే.

"బాగుంది," అన్నాడు భార్య ముఖం చూస్తూ. ఆ 'బాగుంది' ఆమె వేళ్ళకు చెప్పింది, ముడికి కాదు.

ఆ క్షణాన అమలమ్మగారు తమ గదిలోంచి వచ్చారు. ఇడ్లీపళ్ళెం ఎక్కడో పెట్టి వచ్చారు కాబోలు; ఆ చేతుల్లో ఇప్పుడు మరొకటి ఉంది. మీగడ రంగు పట్టు టై. వన్ టౌన్ దుకాణంవాళ్ళు చుట్టి ఇచ్చిన పల్చటి కాగితం మళ్ళీ దాని కొసలకు చుట్టి ఉంది. ముడి మాత్రం వేసి ఉంది.

"కోడలు అన్నీ విప్పింది గానీ," అన్నారు ఆవిడ, ఎవరి ముఖమూ చూడకుండా, "ఇది మా బీరువాలో ఉంది. దీని జోలికెవరూ పోలేదు. ఇంట్లో మిగిలింది ఇదొక్కటే."

"అమలా!" కుర్చీ జరిగిన చప్పుడు. అబ్రహాముగారు గుమ్మంలోకి వచ్చేశారు. "అదెందుకు తీశావు? లోపల పెట్టెయ్."

"పెట్టను. నెలనుంచీ నా చీరల మధ్య పెట్టుకుని దీన్ని కాపలా కాస్తున్నాను. ఇక నావల్ల కాదు." ఆవిడ టైని కొడుకు ముందుకు చాపారు. "నీ పెళ్ళిరోజు పొద్దున్నే లేచి కట్టుకుని, మూడుసార్లు విప్పి, మళ్ళీ కట్టి, జేబులో పెట్టుకుని గుడికొచ్చార్రా మీ నాన్న. చూడు."

జయపాల్ చూశాడు. కృప కూడా చూసింది. టైల గురించి అప్పటికి ఆమె నేర్చుకున్నది ఒక ఉదయమంత మాత్రమే అయినా, ఆ ముడి ఏమిటో గుర్తుపట్టడానికి అది చాలు. రెండు వైపులా సమానంగా, ఎటూ ఒరగకుండా, నిండుగా, నిటారుగా కూర్చున్న ముడి. పెద్దది.

ఏడేళ్ళుగా అడుగుతున్నది.

జయపాల్ దాన్ని అందుకోలేదు. చెయ్యి ఎత్తి, ఒక్క వేలితో ముడిని తాకి, వెంటనే తీసేశాడు.

ఇక కృప ఆగలేకపోయింది.

"మామయ్యగారూ, ఆ బో టై నేను చెప్పిందేనండీ."

"కృపా!" అన్నాడు జయపాల్.

"మీరుండండి. పూలకి కలుస్తుందని నేనే పెట్టుకోమన్నాను. ఇక్కడ ఇట్టాంటి పద్ధతుందని నాకు తెలియదు. తెలిసుంటే ఆ పూలే మార్చేదాన్ని. ఆయనకి నచ్చి కాదు. నేనడిగానని."

అబ్రహాముగారు కోడలి వంక చూశారు. కళ్ళజోడు తీశారు. పంచె చెంగుతో అద్దాలు తుడిచారు. అవి శుభ్రంగానే ఉన్నాయి. మళ్ళీ పెట్టుకున్నారు. బయట వీధిలో ఆటో ఒకటి పోయింది.

"కలిసిందా?" అని అడిగారు ఆయన.

"ఏంటండీ?"

"రంగు. పూలకి కలిసిందా అని. ఆ రోజు నేను సరిగ్గా చూళ్ళేదు. ఫోటోల పుస్తకం వచ్చినప్పుడు కూడా తెరవలేదు."

కృప తల ఊపింది. కళ్ళలోంచి ఒక చుక్క ముక్కు పక్కగా జారితే, ముంజేత్తో తుడుచుకుని, "కలిసింది మామయ్యగారూ. చాలా బాగా కలిసింది," అంది.

"అయితే మంచిదే," అన్నారు ఆయన. ఆ రెండు మాటలూ బయటికి రావడానికి చాలా దూరం నడిచివచ్చినట్టు ఉన్నాయి.

తరవాత ఆయన అద్దం ముందుకు నడిచారు. కొడుకు వెనక నిలబడ్డారు. స్కూలు రోజుల్లో ఎక్కడ నిలబడేవారో సరిగ్గా అక్కడ. కాకపోతే అప్పుడు కొడుకు తల ఆయన ఛాతీ దాకా వచ్చేది, ఇప్పుడు ఆయన అతని భుజం పక్కనుంచి తల చాపి చూడవలసి వచ్చింది. అద్దంలో రెండు ముఖాలూ పక్కపక్కన కనబడ్డాయి.

"గడ్డం పైకెత్తు," అన్నారు అబ్రహాముగారు.

కృపతో కాదు. అమలతో కాదు.

జయపాల్ గడ్డం ఎత్తాడు. కళ్ళు మాత్రం అద్దంలోని తండ్రిని వదలలేదు. ముసలి వేళ్ళు రెండు భుజాల మీదుగా ముందుకు వచ్చి, కృప వేసిన ముడిని ఒక్క లాగుతో విప్పేశాయి. నీలిరంగు టై రెండు కొసలూ విడిగా వేలాడాయి. మీగడ రంగుది అమలమ్మగారి చేతుల్లో అలాగే ఉంది.

ఆ వేళ్ళు వెంటనే పని మొదలుపెడతాయని అందరూ అనుకున్నారు. మొదలుపెట్టలేదు. రెండు కొసలనూ రెండు చేతుల్లో పట్టుకుని, అబ్రహాముగారు అద్దంలోకి చూస్తూ ఉండిపోయారు.

"నీకేది కావాలి?"

గుడిలో వరసలు కట్టి నిలబడ్డ ఎందరి మెడలో ముడులు వేశారో ఆయన! ఎవరికి ఏది నప్పుతుందో వాళ్ళకంటె ముందు ఆయనకు తెలుసు. అడిగినవాళ్ళకు "సరే" అన్నారు. తాను అనుకున్నదే వేశారు. ఈ ప్రశ్న ఆయన నోట రావడం అమలమ్మగారు సైతం ఎన్నడూ వినలేదు. ఆవిడ చేతుల్లో మీగడ రంగు టై మెల్లిగా కిందికి వాలింది.

జయపాల్ పెద్దదీ అనలేదు, చిన్నదీ అనలేదు. చాలాసేపు తండ్రిని అద్దంలో చూశాడు. ఆ తరవాత చేతులు పైకెత్తి, ఆ రెండు కొసలనూ తండ్రి వేళ్ళలోంచి ఒక్కొక్కటిగా తన చేతుల్లోకి తీసుకున్నాడు.

అబ్రహాముగారి చేతులు కొడుకు భుజాల మీదుగా అలాగే ముందుకు చాచి ఉండిపోయాయి, ఖాళీగా. నేర్చుకోవడానికి తీసుకున్నాడా, ఇక నీ ముడి నాకు వద్దని తీసుకున్నాడా? కృప అద్దంలో భర్త ముఖాన్ని వెతికింది. అతను గడ్డం ఎత్తే ఉంచాడు. ఆమెకు ఏమీ తెలియలేదు. మామగారికి ఏం తెలిసిందో గానీ, ఆ ఖాళీ చేతులను ఆయన వెనక్కి తీసుకోనూ లేదు, కొడుకు భుజాల మీద ఆనించనూ లేదు.